రిలీవర్ రాలేదు

1986 జులై 8

ఈయన పడ్డారు. మరోదా మార్కెట్ మలుపులో, వానకి నాచు పట్టిన గట్టు మీద, సైకిల్‌తో సహా. హేండిల్‌కి కాకరకాయల సంచీ. ఈ వానలో సైకిలెందుకండీ అని పొద్దున్నే అన్నాను. "ఏటే రత్నం, నాకేటి అరవయ్యేళ్ళొచ్చీసినాయనుకున్నావా" అని వెళ్ళారు. అరవై ఎనిమిదొచ్చాయి. కుడి తుంటి దగ్గర ఎముక విరిగిందట.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటోని లైటు ముందు పెట్టి హిందీలో గబగబా ఏదో చెప్పాడు. అర్థమైనట్టు తల ఊపాను. మా శ్యాం మిల్లులో డ్యూటీ మధ్యలోంచి హెల్మెట్టుతోనే పరుగెత్తుకొచ్చాడు. కోడలు మణిమాల ఏడ్చింది. నేను ఏడవలేదు. ఎవరో కాకరకాయలు ఏరి తెచ్చి ఇస్తే పాడైపోతాయని సాయంత్రం వేపుడు చేశాను. ఎవరూ తినలేదు.

జులై 9

ఎముకని కలిపి మేకు వెయ్యాలట. మత్తు డాక్టరు వచ్చి మాట్లాడారు. భుజంగరావు గారు, కాకినాడ వైపు మనిషి. తెలుగులో మాట్లాడేసరికి సగం భయం తగ్గింది.

రెండు దారులున్నాయన్నారు. ఒకటి, వెన్నులో సూది. నడుం కింద మొద్దుబారిపోతుంది, మనిషికి మెలకువ ఉంటుంది. రెండోది పూర్తి మత్తు. "పెద్దవయసులో పూర్తి మత్తు ఇస్తే, లేచాక కొందరికి కొన్నాళ్ళు బుర్ర కుదురుగా ఉండదు. ఒకళ్ళిద్దరికి ఎప్పటికీ కుదురుకోదు. వెన్నులో ఇస్తే ఆ ఇబ్బంది తక్కువని కొందరంటారు, అలాంటిదేం లేదని కొందరంటారు. నేను రెండు రకాలుగానూ చూశాను" అన్నారు.

"మరి మీరేమంటారు సార్?" అన్నాడు శ్యాం.

"నేనైతే వెన్నులో ఇస్తాను. కానీ ఒట్టేసి చెప్పలేను."

ఈయన ఒప్పుకోలేదు. "బాబూ, నాను జీతమంతా మెలకువగా ఉండి తీసుకున్నాను. ఈ ఒక్కసారీ నన్ను పడుకోబెట్టీండి. నా ఎముక మీద సుత్తి ఏస్తుంటే నానే ఇనాలేటి?"

డాక్టరు గారు నా వైపు చూశారు. "ఆయన ఇష్టం" అన్నాను.

జులై 11

ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు.

జులై 12

కళ్ళు తెరిచారు. నన్ను చూసి "సిస్టర్, టైమెంతయింది?" అన్నారు. ఈయనకి వేళాకోళం ఎక్కువ. "నేను మీకు సిస్టర్నైతే శ్యాం మీకేమవుతాడండీ?" అన్నాను. నవ్వలేదు. టైము మళ్ళీ అడిగారు.

మత్తు ఇంకా దిగలేదు కాబోలు.

జులై 14

మధ్యాహ్నం మంచం దిగబోయారు. విరిగిన కాలుతో. ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. నర్సు "బాబా, సో జావో" అని బతిమాలుతోంది. ఈయన ఉరిమి చూస్తున్నారు. "రిలీవర్ రాలేదు. ఎలా పడుకుంటాను? బుద్ధుందేటి మీకు?"

నర్సుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ఈయన ఉక్కు ప్లాంటులో, మూడో నంబర్ ఫర్నేస్ కంట్రోల్ రూంలో పదిహేనేళ్ళు షిఫ్టు చూశారు. అక్కడో పద్ధతి ఉంది. ఫర్నేస్‌కి ఆదివారం లేదు, పండగ లేదు. షిఫ్టు అయిపోయినా సరే, తరువాతి షిఫ్టు మనిషి, అదే రిలీవర్, వచ్చేదాకా కుర్చీ దిగకూడదు. ఆ వచ్చినవాడు ఊరికే వచ్చి నిలబడితే చాలదు. దిగేవాడు చెప్పేదంతా వినాలి, విన్నది తిరిగి అప్పజెప్పాలి, "ఛార్జి తీసుకున్నాను" అని నోటితో అనాలి. అప్పుడు దిగాలి. రిలీవర్ రాకపోతే ఈయన డబుల్ డ్యూటీ చేసి ఎర్రటి కళ్ళతో ఇల్లు చేరేవారు. "ఆ ఫర్నేస్ మెళ్ళోనే తాళి కట్టలేకపోయారా" అని విసుక్కునేదాన్ని. రిటైరై పదేళ్ళయింది.

పడుకోబెట్టమని అడిగి మరీ మత్తు తీసుకున్న మనిషి ఇప్పుడు రెప్ప వాల్చటం లేదు. నవ్వు రావలసిన విషయమే.

జులై 15

ఇవాళ బాగున్నారు.

జులై 16

ఇవాళా బాగున్నారు. గంజి తాగారు.

జులై 17

బాగున్నారని రాసినవి రెండూ అబద్ధాలు. ఎవరి కోసం రాశానో నాకే తెలీదు, ఈ డైరీ నేను తప్ప ఎవరూ చూడరు. చేతులు రెండూ మంచానికి బేండేజీ గుడ్డతో కట్టారు. కట్టకపోతే దిగిపోతున్నారు. నేనే కట్టమన్నాను. గంజి నర్సు మీద ఉమ్మేశారు. పరాయి ఆడపిల్లని ఒక్కరోజు కూడా "ఒసే" అని ఎరగని మనిషి ఆ పిల్లని నానా మాటలూ అన్నారు.

ఆయన ఇష్టం అన్నాను. అందులో నా తప్పేముంది? మొగుడి ఒంటికి సంబంధించిన మాట మొగుడు చెప్పాడు.

అయితే ఒకటి. ఆ మాట అంటున్నప్పుడు నాకు హాయిగా ఉంది, నిర్ణయం నా నెత్తిన పడలేదని.

జులై 22

చిన్నారావు చూడ్డానికి వచ్చాడు. ఫర్నేస్ దగ్గర ఈయన కింద హెల్పరుగా చేసేవాడు, ఇప్పుడు జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. ఈయన అతన్ని వెంటనే పోల్చుకున్నారు. నన్ను మాత్రం "సిస్టర్" అంటున్నారు.

చిన్నారావుకి పాపం కళ్ళనీళ్ళు తిరిగాయి. "బాబుగారూ, నాను చూసుకుంటాను. తవురు తొంగోండి" అన్నాడు.

"నువ్వు హెల్పరువి. నీకు ఛార్జి ఎలా ఇస్తాన్రా? రేపు ఎంక్వయిరీ అయితే నీ కొంపా నా కొంపా కూలిపోద్ది."

శ్యాం పక్కనే ఉన్నాడు. వాడికి ఇదంతా చిరాకు. "అమ్మా, పిచ్చికి పిచ్చి కలపకూడదు" అంటూనే ఉన్నాడు నాతో. చివరికి వాడే తట్టుకోలేక, "నాన్నా, నేను రిలీవర్ని. మీరు దిగండి" అన్నాడు.

ఈయన వాడి తెల్లచొక్కా కేసి చూశారు. "ఆఫీసరువి నువ్వు. సంతకానికి పనికొస్తావు గానీ కుర్చీకి పనికొస్తావేటి?"

చిన్నారావుకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. శ్యాం బయటికి వెళ్ళిపోయాడు. వెనకాలే వెళ్ళాను. వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఆ రోజు నేను గట్టిగా చెప్పాల్సింది, వెన్నులోనే ఇమ్మని" అన్నాడు. "ఇచ్చినా ఇలాగే అయ్యేదేమో" అన్నాను. అలా అనగలిగినందుకు నామీద నాకే ఆశ్చర్యం వేసింది.

ఆగస్టు 3

ఇంటికి తీసుకొచ్చేశాం. మెల్లిగా సర్దుకుంటుంది, ఇంటి వాతావరణం మంచిదన్నారు భుజంగరావు గారు.

ఇంటి వాతావరణంలో ఈయనకి నచ్చింది కరెంటు మీటరు. తలుపు పైన ఉంటుంది. దాని చక్రం తిరగటం చూస్తూ మంచం మీద కూర్చుంటారు. కరెంటు పోతే కేకలు. మళ్ళీ వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ చీవాట్లు. కంచంలో అన్నం పెడితే తినరు, డ్యూటీలో కంచమేమిటంటారు. ఇవాళ బుద్ధి పుట్టి టిఫిన్ కారియర్లో సర్ది, మణిమాలతో వీధి గుమ్మంలోంచి తెప్పించాను. బుద్ధిగా మూడు గిన్నెలూ ఖాళీ చేసి, మూత బిగించి ఇచ్చారు.

"అత్తయ్యా, దిమాగ్ తో మీదే చల్తా" అంది మణిమాల. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, దాని తెలుగు అలాగే ఉంటుంది. నా బుర్రని మెచ్చుకుందని అర్థమైంది.

ఆగస్టు 10

మధ్యాహ్నం మందు ఇవ్వడానికి వెళ్తే నన్ను ఆపేశారు. "ఆడోళ్ళు ఈ రూంలోకి రాకూడదమ్మా. గేస్ ఉంటాది. ఎవరికోసం వచ్చినావు?"

"మా ఆయన కోసం."

"ఏ ఫర్నేసు?"

"మూడో నంబరు."

"మూడో నంబరైతే నాకు తెలుస్తాడే. పేరేటి?"

పెళ్ళయి నలభై ఆరేళ్ళు. ఆయన పేరు నేను ఇంతవరకు పైకి అనలేదు. రేషన్ కార్డు దగ్గరా, ఎలక్షన్‌లోనూ పక్కనెవరో చెప్పేవారు. "సూర్యారావు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"సూర్యారావా? మంచోడే. కోపిష్టి" అన్నారు. "వస్తాడు కూకో. బైట కూకో."

బయట కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను.

ఆగస్టు 11

రాయడానికేమీ లేదు.

ఆగస్టు 26

కాలు కింద పెట్టిస్తే అరుస్తున్నారని మళ్ళీ ఎక్స్‌రే తీయించాం. వేసిన మేకు జారిందట. ఈయన మంచం దిగబోయిన రోజులు ఎన్ని! జారకేం చేస్తుంది? మళ్ళీ కోసి వెయ్యాలి. వెయ్యకపోతే ఇక నడవరు, పడుకున్నచోటే పుండ్లు పడతాయి.

మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి భుజంగరావు గారు ఈయన్ని అడగలేదు, నన్నే అడిగారు. "అసలే తేరుకోని బుర్ర. మళ్ళీ పూర్తి మత్తు ఇవ్వాలంటే నాకు భయంగా ఉందమ్మా. వెన్నులో ఇవ్వచ్చు. కానీ ఆ బల్ల మీద మనిషి కదలకుండా పడుకోవాలి. మధ్యలో డ్యూటీ అని లేచారనుకోండి, అప్పటికప్పుడు పూర్తి మత్తులోకి దించాల్సిందే. అది ఇంకా అన్యాయం. నిద్రసూదులు వేసి పడుకోబెట్టచ్చు, వాటితో మతి ఇంకా చెదురుతుంది. ఏం చేద్దాం, మీరు చెప్పండి."

శ్యాం వెన్నులోనే అన్నాడు. కదలకుండా ఎలా ఉంచుతావురా అన్నాను.

"రేపు చెబుతాను" అన్నాను. "ఆయన ఇష్టం" అనడానికి ఈసారి ఆయన లేరు.

ఆగస్టు 27

నాకు భయంగా ఉంది. కాలు పోతుందని కాదు. కర్ర పట్టుకుని నడుస్తారు, లేదా నడవరు, మోసుకుంటాం. ఈ మనిషి నన్ను ఎరక్కుండానే ఉండిపోతారేమోనని భయం. ఇంత కాపురం చేసి, పరాయి ఆడదానిలా గుమ్మం బయట కూర్చోవడం నావల్ల కాదు. ఇది ఎవరితోనూ అనలేను.

పప్పు కడుగుతుంటే ఒకటి తోచింది. ఈయన కుర్చీలోంచి లేవబోయేది రిలీవర్ని వెతకడానికి. రిలీవర్ వచ్చి నిలబడితే లేవరు. ఛార్జి చెప్పడం మొదలుపెట్టిన మనిషి మధ్యలో కదలడు. చెప్పడం పూర్తయ్యేదాకా మొలకి నిప్పంటుకున్నా కదలడు. నాకు తెలుసు, ఓ దీపావళికి ఆలస్యంగా వచ్చి అదే చెప్పుకున్నారు గొప్పగా.

చిన్నారావుని పిలిపించి అడిగాను, రిలీవర్ ఏమేం అడగాలని. "అడిగేదేటుంటాదమ్మగారూ? ఇనడవే. ఇన్నది ఇన్నట్టు అప్పజెప్పాల. ఒక్కటి తప్పినా బాబుగారు మళ్ళీ మొదటికొచ్చీసీవోరు. మాకు పేణాలు తోడీసీవోరు."

"మరి నేను ఆడదాన్ని. నాకు ఇస్తారా?"

చిన్నారావు బుర్ర గోక్కున్నాడు.

ఆగస్టు 29

భుజంగరావు గారికి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "లోపలికి టోపీ, గౌను, ముక్కుకీ నోటికీ గుడ్డ వేసుకుని రావాలి. కళ్ళు తప్ప ఏమీ కనబడవు. ఆడా మగా ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

కోసే డాక్టరు ఒప్పుకోలేదు. చుట్టాల్ని లోపలికి రానిస్తే రేపు ఊరంతా వస్తుందన్నాడు. భుజంగరావు గారు చాలా మెత్తని మనిషి, అయినా ఆయన గొంతు పెరగడం ఇవాళ విన్నాను. హిందీలో ఏమన్నారో తరువాత శ్యాం చెప్పాడు. "కాలు వైపు మీ ఇష్టం. తల వైపు నాది. అక్కడ ఎవరిని నిలబెట్టుకోవాలో నేను చూసుకుంటాను."

"మీరు కళ్ళు తిరిగి పడిపోరు కదా?" అని నన్ను అడిగారు తరువాత.

"నా మీద ఇంకో మేకు ఖర్చు పెట్టించను లెండి" అన్నాను.

సెప్టెంబర్ 3

నిన్న జరిగింది. రాత్రి రాయలేకపోయాను.

ఆకుపచ్చ గౌను తొడిగి, జుట్టంతా టోపీలోకి దోపి, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టారు. అద్దం ఉంటే నన్ను నేనే పోల్చుకునేదాన్ని కాదు. ఈయన్ని పక్కకి తిప్పి వెన్నులో సూది వేశారు. కాసేపటికి కాళ్ళు చచ్చుబడ్డాయి. నడుం దగ్గర అడ్డంగా గుడ్డ కట్టి అవతల వాళ్ళు పని మొదలుపెట్టబోతుంటే, అనుకున్నట్టే ఈయన మోచేతుల మీద లేవబోయారు. "కాళ్ళు ఎవుడు కట్టీసినాడు? రిలీవర్ రాలేదు, నాను చూసుకోవాల."

వంగి చెవి దగ్గర, "రిలీవర్ని. వచ్చాను. చెప్పండి" అన్నాను. గుడ్డలోంచి నా గొంతు బొంగురుగా వచ్చింది.

నా కళ్ళలోకి చూశారు. ఫర్నేస్ దగ్గర వాళ్ళూ మొహానికి గుడ్డ చుట్టుకునేవారు కదా. అలాగే అనుకున్నారు కాబోలు. "ఇంత లేటేటి?" అన్నారు.

"బస్సు దొరకలేదు."

"ఎప్పుడూ ఇదే మాట" అని తల వాల్చి, మొదలుపెట్టారు.

గాలి ప్రెషరు ఎంతుందో చెప్పారు. తిరిగి చెప్పాను. పదకొండో గొట్టం దగ్గర నీళ్ళు కారుతున్నాయి, దాని మీదే ఓ కన్నుండాలి. చెప్పాను. ఎడంపక్క మీటరు అబద్ధం చెబుతుంది, దాన్ని నమ్మొద్దు, కుడిదాన్ని చూడు. నేను పొరపాటున కుడిది నమ్మొద్దన్నాను. "బుర్ర ఎక్కడెట్టినావు?" అని మళ్ళీ గాలి ప్రెషరు దగ్గర్నుంచీ మొదలెట్టారు. చీవాట్లు తింటూ నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఇంకా పొడిగించమని. అవతల సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. బల్ల అదురుతోంది. "అవతల ఏటా చప్పుడు?" అన్నారు. "ఫిట్టర్లండీ" అన్నాను. "ఆళ్ళకి మెల్లిగా చెయ్యడం రాదు" అన్నారు అంతే. భుజంగరావు గారు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఫర్నేస్ సంగతులు అయిపోయాయి. అవతల పని అవలేదు. భుజంగరావు గారు ఇంకా ఉంది అని సైగ చేశారు. "ఇంకేమైనా ఉందాండీ చెప్పాల్సింది?" అన్నాను.

ఈయన పైకప్పు చూస్తూ గొంతు తగ్గించారు.

"ఒకటుంది. ఇది డ్యూటీది కాదు. నాకేటైనా అయితే మా ఇంటికి కబురెలా పంపాలో చెప్తాను, ఇనుకో. సైరన్ మోగితే మా ఆడది గుమ్మంలోకి వచ్చి నిలబడతాది. గేటు సిపాయిని పంపకండి. ఆడు హిందీలో చెబుతాడు. దానికి అర్థం కాదు. అర్థం కాలేదని చెప్పదు, ఊరికే తల ఊపీస్తాది. ఆడు చెప్పీసాననుకుని ఎల్లిపోతాడు. అది అలాగే నిలబడి ఉంటాది. అందుకని తెలుగు మనిషిని పంపాల. కూకోబెట్టి చెప్పాల. ముందు నీళ్ళిచ్చి, అప్పుడు చెప్పాల."

ముక్కు మీది గుడ్డ పైకి లాక్కున్నాను.

"అప్పజెప్పు మరి" అన్నారు. "ఇన్నావా లేదా?"

అప్పజెప్పాలి. పద్ధతి అది. "గేటు సిపాయిని పంపకూడదు" అన్నాను. "హిందీలో చెబితే అర్థం కాదు. అర్థమైనట్టు తల ఊపుతుంది. తెలుగు మనిషిని పంపాలి. కూర్చోబెట్టి, ముందు నీళ్ళిచ్చి, అప్పుడు చెప్పాలి."

"సరిగ్గా చెప్పినావు" అన్నారు.

ఇన్నేళ్ళూ ప్రమాదం సైరన్ మోగినప్పుడల్లా నేను ఆ గుమ్మంలో నిలబడటం ఈయన ఎరగరనుకున్నాను. ఈయన వీధి మలుపు తిరగడం చూసి, కంటపడకుండా లోపలికి వచ్చేసేదాన్ని. తల ఊపడం కూడా ఎవరికీ తెలీదనుకున్నాను.

తరువాత కేంటీన్ వాడి అప్పడాల గురించీ, చిన్నారావు కూతురికి జ్వరం కాబట్టి వాణ్ణి ముందే పంపెయ్యాలనీ, ఇంకా ఏవేవో చెప్పారు. అన్నీ అప్పజెప్పాను. అవతలి డాక్టరు చేతి తొడుగులు తీసేశాక భుజంగరావు గారు తల ఊపారు.

"ఛార్జి తీసుకున్నాను" అన్నాను. "మీరు వెళ్ళండి."

"జాగర్త మరి" అని కళ్ళు మూసుకున్నారు. గుర్రు పెట్టి నిద్రపోయారు. ఆ గుర్రుకి కాపురమంతా తిట్టుకున్నాను.

సెప్టెంబర్ 4

పడుకునే ఉన్నారు. గంజికి లేస్తున్నారు, తాగి మళ్ళీ పడుకుంటున్నారు. రిలీవర్ మాట ఎత్తలేదు. నన్ను ఏమనీ పిలవలేదు. సిస్టర్ అని కూడా.

సెప్టెంబర్ 5

పొద్దున్న చెంచాతో కాఫీ పడుతుంటే, "ఏటే రత్నం, అలా చిక్కిపోయినావు? ఆసుపత్రి కూడు నీకు పెడుతున్నారేటి?" అన్నారు.

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చాను. మొదటిరోజు ఏడవలేదని రాశాను కదా, అందుకని ఇది కూడా రాస్తున్నాను. బాగా ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి కాఫీ చల్లారిపోయిందని కసిరారు.

సెప్టెంబర్ 9

భుజంగరావు గారితో అన్నాను, "మీరన్నదే నిజమైంది, వెన్నులో సూదే మంచిది" అని. శ్యాం కూడా అవునవునన్నాడు.

ఆయన ఒప్పుకోలేదు. "అలా అనుకుంటే నాకూ సుఖంగానే ఉంటుందమ్మా. కానీ ఎలాగూ తగ్గవలసిందే ఈ వేళకి తగ్గిందేమో. వెన్ను సూదివల్లేమో. లేకపోతే మూడు వారాలు ఇంట్లో ఉండడం వల్లేమో. అక్కడ మీరు కూడా ఉన్నారు. మిమ్మల్ని ఏ సీసాలో పోసి ఇంకో పేషెంటుకి ఎక్కించను?"

శ్యాంకి ఆ జవాబు నచ్చలేదు. వాడికి ఏదో ఒకటి తేలాలి. నాకు నచ్చింది.

సెప్టెంబర్ 14

ఇంటికి వచ్చాం. అన్నీ తిరిగి రాలేదు. పేపరు చదువుతారు గానీ కింద వరసకి వచ్చేసరికి పైది మరిచిపోతారు. సాయంత్రాన్ని పొద్దున్న అనుకుని పళ్ళు తోముకుంటారు. పేకాటలో శ్యాం కావాలని ఓడిపోతున్నాడు, అది ఈయనకి తెలియటం లేదు. ఇదివరకైతే పేకలు విసిరికొట్టేవారు. మీటరు వైపు చూడటం మానేశారు. కంచంలో తింటున్నారు.

నన్ను ఎరుగుదురు. తక్కినవి లెక్కపెట్టుకోను.

సెప్టెంబర్ 21

కర్ర పట్టుకుని వరండా దాకా నడిచారు. కుర్చీలో కూర్చోబెట్టి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రబడింది, ఫర్నేస్‌లో కరిగిన ఇనుప చిట్టెం పారబోస్తున్నారు కాబోలు. అది చూస్తూ ఉన్నట్టుండి అన్నారు:

"ఏటే, ఆ రోజు నన్ను రిలీవ్ చేసినోడు ఎవుడే?"

ఆ రోజుది ఏదీ గుర్తులేదనుకున్నాను. "ఎవరో కొత్తవాడట" అన్నాను.

"ఆడు మంచోడే. లేటుగా వచ్చినాడు గానీ మంచోడు. ఇన్నేళ్ళ సర్వీసులో నా మాట సాంతం ఇన్నోడు ఆడొక్కడే." కర్ర నేలకేసి కొట్టారు. "నువ్వున్నావు, ఎందుకూ? నాను నోరు తెరిస్తే చాలు, పొయ్యి మీద ఏదో ఉందని లేచి ఎల్లిపోదువు."

"అవునండీ" అన్నాను.

పాలు పొంగి మాడుతున్న వాసన వస్తోంది. మణిమాల చూసుకుంటుందిలే అని అక్కడే కూర్చున్నాను.